సూడి ఒంటె, స్టే వైరు

మస్కట్‌లో బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు. వీధిలో పోయేవాళ్ళకు కనిపిస్తే ఊరి అందం చెడుతుందట. మా బిల్డింగు వాచ్‌మన్ ఈ విషయంలో చాలా పట్టుదల గల మనిషి. నా దుప్పటి మూల ఒకటి పిట్టగోడ దాటి కనిపించిందంటే చాలు, లిఫ్టు పాడైనా సరే మెట్లెక్కి వచ్చి బెల్లు కొడతాడు. పార్కింగులో నా కారుకు సొట్ట పెట్టినవాణ్ణి మాత్రం చూడలేదన్నాడు, చూపు ఆనదట. అందుచేత, ఏడాది పొడుగునా ఎండ కాసే దేశంలో, సముద్రపు గాలి కిటికీ రెక్కలు ఊడబెరికే ఫ్లాటులో, నేను బట్టలు కరెంటు మిషన్‌లో ఆరబెట్టుకుంటాను. ఆ కరెంటు గ్యాసు మండించి తీస్తారు. ఆ గ్యాసు మండించడం తగ్గించడానికి నాకు జీతమిస్తారు. ఇందులో ఎక్కడో లోపముంది. జీతం వేళకు పడుతున్నంత కాలం దాన్ని వెతకడం మర్యాద కాదని ఊరుకున్నాను.

నా పని గాలి కొలవడం. మా ఇంట్లో ఆడవాళ్ళందరూ నర్సులు. అమ్మ చేసింది, అక్కలు చేస్తున్నారు, పిన్ని ఇక్కడే మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా చేస్తోంది. శుక్రవారం చర్చిలో ఆరాధన అయ్యాక కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేస్తూ, "మా అక్క కూతురు. గాలి డిపార్టుమెంటు," అంటుంది. అవతలివాళ్ళు జాలిగా చూస్తే, గొంతు తగ్గించి, "చదివింది ఇంజనీరింగే," అని కలుపుతుంది.

ఒమాన్ చిన్న దేశం. చమురూ గ్యాసూ అమ్ముకుని ఇంతదాకా వచ్చింది. మన దగ్గర నైరుతి పట్టే నెలల్లోనే ఇక్కడి ఆగ్నేయపు తీరంలో గాలి మనిషిని నిలబడనివ్వదు. మనకు ఆ గాలి వాన తెస్తుంది, వీళ్ళకు ఇసుక తెస్తుంది. దాన్నుంచి కరెంటు తీస్తామని డబ్బు పట్టుకొచ్చేవాళ్ళ కోసం ప్రభుత్వం మంచి రాయితీలే ప్రకటించింది. మొదటి కొన్నేళ్ళు భూమికి అద్దె ఉండదు. గాలిమరల సామాను మీద కస్టమ్స్ ఉండదు. తీసిన కరెంటు కొనే పూచీ కూడా ప్రభుత్వానిదే. ఇన్నిటికీ షరతు ఒకటే. ఆ చోట గాలి ఎంత ఉందో ఏడాది పొడుగునా విరామం లేకుండా కొలిచిన లెక్క చూపించాలి. అప్పిచ్చే బ్యాంకు తరఫు ఇంజనీరు సైట్‌కు వచ్చి, కొలిచిన స్తంభాన్ని కళ్ళారా చూసి, సరేననాలి. అదీ గడువు లోపల.

మా కంపెనీ అలాంటి ఒక పెట్టుబడిదారు కోసం తీరాన, మసీరా దీవికి ఎదురుగా, ఒక స్తంభం నిలబెట్టింది. సన్నటి ఇనుప గొట్టం, బాగా ఎత్తు. దాని మీద గాలికి తిరిగే చిన్న గిన్నెలు. కరెంటు స్తంభాలకు ఉన్నట్టే చుట్టూ స్టే వైర్లు లాగి నేలలో బిగించి ఉంటాయి. ఆ వైర్లు లేకపోతే అది స్తంభం కాదు, పడుకోబోయే గొట్టం. గిన్నెల లెక్క రోజూ మస్కట్‌లో నా కంప్యూటరుకు వస్తుంది. లెక్క ఒప్పుకుంటే అక్కడ మరలు లేస్తాయి, వాటి పని మాకు దొరుకుతుంది, గాలి డిపార్టుమెంటు బతుకుతుంది. ఒప్పుకోకపోతే మూసేస్తారు. మా మేనేజరు ఈ సంగతి చాలా మృదువుగా చెప్పాడు. "మీ ఇద్దరికీ నేనే స్వయంగా మంచి సర్టిఫికెట్లు రాసిస్తాను," అన్నాడు.

డిపార్టుమెంటంటే మేమిద్దరమే. నేను, భాయ్. భాయ్ కడప మనిషి, యాభై దాటాయి, మస్కట్ నుంచి తీరానికి పోయే దారిలో ఇబ్రా అనే ఊళ్ళో, కంపెనీ రూమ్‌లో ఉంటాడు. ఇంటికి ఫోన్ చేస్తే దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు, తక్కిన లోకమంతటితో హిందీ, అరబ్బీ కలిపిన ఒక మూడో భాష. వారానికోసారి పికప్ వేసుకుని స్తంభం దగ్గరకు పోయి, చూసి, నాకు ఫోన్ చేయడం ఆయన డ్యూటీ. "ఏం విశేషాలు భాయ్?" అంటాను. "ఏం లేవు మేడమ్, అంతా బాగుండాది," అంటాడు. నేను ఆఫీసులో అంతా బాగుందని చెబుతాను. ఆఫీసు పెట్టుబడిదారుకు చెబుతుంది. ఆయన బ్యాంకుకు చెబుతాడు. ఏడాదిగా ఇలా చాలామంది సుఖంగా నిద్రపోయారు.

ఇక్కడి ఎడారి మనుషుల పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు విశేషాలు అడుగుతారు. ఏమీ లేవు, దేవుడి దయ, అనాలి. ఇల్లు కాలినా అంతే, మనిషి పోయినా అంతే, మొదటి జవాబు మారదు. తర్వాత ఖర్జూరాలు వస్తాయి. తర్వాత కహ్వా, ఏలకులు వేసిన చేదు కాఫీ, బొటనవేలంత కప్పులో. చాలనుకున్నవాళ్ళు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి తిరిగిస్తారు. ఊపేదాకా పోస్తూనే ఉంటారు. అందరూ ఊపాక అప్పుడు రెండోసారి అడుగుతారు, ఇక చెప్పండి అని. అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. దారిన పడి వచ్చినవాడు స్థిమితపడకముందే చెవిలో చెడ్డ వార్త పోయడం పద్ధతి కాదని వాళ్ళ ఉద్దేశం. మనమూ ఏం తక్కువ తినలేదు. ఏంటి విశేషాలంటే, ఏముంటాయి, మామూలే, అంటాం. తేడా ఒకటే. మనకు రెండోసారి అడిగే అలవాటు లేదు. భాయ్ ఆ మనుషుల మధ్య ఇరవై ఏళ్ళకు పైగా తిరిగిన మనిషన్న సంగతి నేను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

బ్యాంకు ఇంజనీరు రావలసిన రోజు పొద్దున్నే ఇబ్రాలో భాయ్ పికప్ ఎక్కాను. ఊరు దాటేముందు ఒక మలయాళీ హోటల్ దగ్గర ఆపి చాయ్ చెప్పాడు. మామూలుగా భాయ్ చాయ్ తాగుతూ కనీసం ఇద్దరు ముగ్గుర్ని తిడతాడు. ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. ఖాళీ అయిన కాగితం కప్పును అటూ ఇటూ ఊపి బల్ల మీద పెట్టాడు.

"ఇంకేంటి భాయ్?" అన్నాను, మాటవరసకు.

"ఒక సంగతుండాది మేడమ్."

"చెప్పండి."

"మన స్తంభానికి తూర్పు పక్క స్టే వైరొకటి లేదు."

"లేదంటే?"

"తెగింది. తెగిందంటే, కోసినారు. ఒంటెల ముసలాయన."

ఆ ముసలాయన్ని నేనూ ఎరుగుదును. స్తంభం చుట్టుపక్కల ఆయన ఒంటెలు మేస్తాయి, దగ్గర్లోనే ఇల్లు. మా స్తంభం వచ్చినప్పటి నుంచి భాయ్‌తో మంచి స్నేహం.

"ఎందుకు కోశాడు?"

"సూడి ఒంటె మేడమ్. ఈనే దినాలు. కాలు పోయి వైరులో ఇరుక్కున్యాది. గుంజుకునే కొద్దీ బిగుసుకుంటాది. ఆయప్ప ఏం జేస్తాడు? బండిలో కట్టర్ ఉండె, కోసినాడు. ఒంటె కాలా, మీ తీగా, అన్యాడు. నేనేం జెప్పేది? నేనైనా కోస్తా."

"ఎప్పుడు?"

"గాలి మొదులైన కొత్తల్లో."

"గాలి మొదలై వారాలు దాటింది భాయ్. వారం వారం ఫోన్ చేశారు. విశేషాలేంటని అడిగాను."

"అడిగినారు."

"ఏం లేవన్నారు."

"అన్యా. మళ్ళా అడుగుతారనుకున్యా. మీరు ఫోన్ పెట్టేస్తా ఉంటిరి."

పరిహాసమాడుతున్నాడేమోనని మొహం చూశాను. మా ఇద్దరిలో ఆ ఉద్యోగం నాది. ఆయన మొహంలో అలాంటిదేమీ లేదు.

"స్టోరులో కొత్త వైరు అడగొచ్చుగా?"

"అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెప్తే మేనేజర్ కాడికి పోతాది. మేనేజర్ కాడికి పోతే మనం ఇంటికి పోతాం. అందుకని లారీ బెల్టు, సరుకు బిగిచ్చేది, కట్టి పెట్టినా. పడలేదు గదా మేడమ్, నిలబడే ఉండాది. రవ్వంత వాలిండాది, అంతే."

వాలడమన్న మాట దగ్గర నాకు చాయ్ అడ్డం పడింది. గిన్నెలు వాలినా తిరుగుతాయి. తిరుగుతూ లెక్క పంపిస్తూనే ఉంటాయి. నిటారుగా ఉన్నప్పుడు పంపిన లెక్కకూ, వాలినప్పుడు పంపిన లెక్కకూ నా కంప్యూటరు తేడా చెప్పదు. స్తంభం ఎంత వాలిందో, ఏ రోజు నుంచి వాలిందో తెలియకపోతే, ఆ రోజుల లెక్కను బుద్ధున్న ఇంజనీరెవరూ తీసుకోరు. తీసుకోకపోతే ఏడాది పూర్తి కాదు. మంచి సర్టిఫికెట్లు వస్తాయి.

"ఇయాల కొత్త వైరు తెచ్చినా," అన్నాడు భాయ్, పికప్ వెనక్కి గడ్డం చూపిస్తూ. "ఇంజనీరమ్మ వచ్చేది మధ్యాన్నం. ఆ లోపల కట్టేస్తాం. ఎవరికి తెలుస్తాది?"

ఇద్దరం లేచాం. ఇసుక తిన్నెలు దాటి తీరం వైపు తిరిగేసరికి గాలి పికప్‌ను పక్కనుంచి తోయడం మొదలుపెట్టింది. రోడ్డు మీద ఇసుక పాలు పొంగినట్టు పారుతోంది. గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు స్టే వైర్ల జోలికి పోరాదని కంపెనీ నియమం. ఆ నియమం రాసింది నేనే. మా వృత్తిలో గాలి హెచ్చితే సంతోషించాలి, ఆ సంతోషాన్ని బొమ్మలుగా గీసి పెట్టుబడిదారుకు చూపించాలి. ఆ పొద్దున మాత్రం భాయ్ పెదవులు కదులుతున్నాయి, ఆయన దేవుడితో ఆయన. నేను కళ్ళు మూసుకుని మా దేవుడితో నేను. ఒక్క గంట గాలి ఆపమని. మా డిపార్టుమెంటు చరిత్రలో మేమిద్దరం పూర్తిగా ఏకాభిప్రాయంతో చేసిన పని అదొకటే.

గాలి ఆగలేదు.

స్తంభం వాలే ఉంది. పడిపోయేంత కాదు. వెనక నుంచి ఎవరో పిలిస్తే తల తిప్పినంత. తూర్పు పక్క తెగిన వైరు కొసకు నారింజ రంగు లారీ బెల్టు కట్టి, బెల్టు రెండో కొసను నేలలోని కొక్కేనికి బిగించాడు భాయ్. గాలికి ఆ బెల్టు వణుకుతూ కందిరీగలాగా రొద పెడుతోంది. ఇంత పెద్ద పెట్టుబడి, ఇన్ని రాయితీలు, ఒక లారీ బెల్టు మీద ఆధారపడి ఉన్నాయని ఎవరైనా ముందే చెబితే, నేను ఇంకాస్త మంచి బెల్టు కొనమని ఉండేదాన్ని.

పనిముట్లు దించామో లేదో, ముసలాయన బండి వచ్చింది. మమ్మల్ని దూరం నుంచే చూశాడు. ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా పట్టుకుని దిగాడు. ఇప్పుడు కాదు అనడానికి ఏ భాషలోనూ మర్యాదైన మాట లేదు. పికప్ చాటున గాలి తగలని చోట ముగ్గురం కూర్చున్నాం.

"విశేషాలేమిటి?" అన్నాడు ముసలాయన.

"ఏమీ లేవు, దేవుడి దయ," అన్నాడు భాయ్. "మీ దగ్గర?"

"ఏమీ లేవు, దేవుడి దయ."

ఆయన నెత్తి మీదుగా స్తంభం వాలి కనిపిస్తోంది. బెల్టు రొద పెడుతోంది. విశేషాలేమీ లేవు. నేను కప్పు ఒక్క గుక్కలో తాగి, నోరు కాలుతుంటే వెంటనే ఊపేశాను. భాయ్ కూడా ఊపేశాడు. ముసలాయనకు అది కాస్త మొరటుగా అనిపించినట్టుంది. అయినా రెండోసారి అడిగాడు. భాయ్ చెప్పాడు, ఇవాళ ఇంజనీరమ్మ వస్తోందని, ఆమె చూసేసరికి ఇది నిలువుగా ఉండాలని, ఉండకపోతే తామిద్దరూ ఈ దేశంలో ఉండరని. ముసలాయన స్తంభాన్ని చూశాడు, భాయ్‌ని చూశాడు, ఫ్లాస్కు మూత బిగించాడు.

పని సులువుగానే చెప్పొచ్చు. తెగిన కొసకు కొత్త వైరు ముక్క కలిపి క్లిప్పులు బిగించాలి. రెండో కొస నేలలోని కొక్కేనికి ఎక్కించి, మెల్లగా తిప్పుతూ స్తంభాన్ని నిలువుకు లాగాలి. ఆఖరున బెల్టు వదలాలి. నిలువుకు వచ్చిందో లేదో చెప్పడం నా వంతు. దారానికి బరువు కట్టి వేలాడదీద్దామంటే ఆ గాలిలో దారం బల్లపరుపుగా ఎగురుతోంది. చివరకు ఫోన్‌లో, గోడకు ఫోటో తగిలించేటప్పుడు మట్టం చూసుకునే బుడగ యాప్ తెరిచి, ఫోన్‌ను గొట్టానికి ఆనించి పట్టుకున్నాను. అంటే, నేను సరిగ్గా స్తంభం మొదట్లో నిలబడాలి. పడితే ఎటు పడుతుందో లెక్కవేసి, రెండో పక్కకు వెళ్ళాను. తర్వాత గాలి దిక్కు చూసుకుని మళ్ళీ మొదటి పక్కకు వచ్చాను. ఉన్నత విద్య ఇలాంటప్పుడే ఉపయోగపడుతుంది.

"తిప్పమంటారా?" అరిచాడు భాయ్.

"తిప్పండి!"

"వస్తాండాదా?"

"ఇంకా!"

"ఇంకానా?"

"ఇంకొంచెం... ఆగండి, ఆగండి!"

బెల్టు జారింది. తెగలేదు, కొక్కెం దగ్గర పట్టు తప్పి జర్రున జారింది. గొట్టం నా భుజానికి ఆని ఉందేమో, దాని వణుకు పళ్ళదాకా వచ్చింది. పైన ఎక్కడో గిన్నెలు పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాయి. కొత్త వైరు ఇంకా వదులుగానే ఉంది. భాయ్ రెండు చేతులతో బెల్టు పట్టుకుని వెనక్కి వాలాడు, మడమలు ఇసుకలో దిగబడుతూ గీతలు గీస్తున్నాయి.

"పక్కకు పోండి మేడమ్!" అన్నాడు.

ఏ పక్కకో చెప్పలేదు. ముసలాయన అప్పటికే బండి ఎక్కాడు. వెనక్కి తీసుకొచ్చి, దిగి, బెల్టు కొస భాయ్ చేతుల్లోంచి తీసుకుని తన బండి కొక్కేనికి తగిలించి, మళ్ళీ ఎక్కి ఒక మూరెడు ముందుకు పోనిచ్చాడు. బెల్టు బిగిసింది. గొట్టం వణుకు తగ్గింది. నేను ఊపిరి పీల్చుకున్నాను, అంతకుముందు ఎప్పుడు మానేశానో తెలియదు.

భాయ్ అరచేతులు కొట్టుకుపోయాయి. తలగుడ్డ చించి చుట్టుకుని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. ఫోన్‌లోని బుడగ మధ్యకు వచ్చి నిలబడింది. క్లిప్పులు బిగించి బెల్టు విప్పి చుట్టి సీటు కింద పెట్టేసరికి దూరాన తెల్లటి బండి దుమ్ము కనిపించింది. ఇంజనీరమ్మ ముందుగానే వచ్చేసింది.

ఒమానీ అమ్మాయే. ఒంటి నిండా నల్లటి అబాయా, దాని కింద సైట్ బూట్లు, చేతిలో హెల్మెట్. నాకంటే చిన్నది. విదేశంలో చదువుకుందట. నాతో ఇంగ్లీషు, భాయ్‌తో నవ్వు. స్తంభం చుట్టూ ఒకసారి నడిచింది. తన సొంత లెవెల్ తీసి గొట్టానికి పెట్టి చూసింది. మళ్ళీ ఇంకో పక్క పెట్టి చూసింది.

"చాలా నిటారుగా ఉంది," అంది.

"థాంక్యూ," అన్నాను.

"ఇంత గాలిలో ఏడాది నిలబడిన స్తంభం ఇంత నిటారుగా ఉండటం నేనెక్కడా చూడలేదు."

దీనికి థాంక్యూ అనాలో వద్దో తేలలేదు. ఆమె తూర్పు పక్కకు పోయి వంగింది. వేలితో క్లిప్పును తుడిచింది. తక్కినవన్నీ ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉన్నాయి. ఈ పక్కవి మాత్రం పెళ్ళిలో కొత్త గిన్నెల్లాగా మెరుస్తున్నాయి.

"కొత్తవి."

"అవును."

"ఎప్పుడు వేశారు?"

"ఈ రోజే," అన్నాను. నిజమే కదా.

"ఎందుకు?"

భాయ్ నన్ను చూశాడు. నేను సముద్రాన్ని చూశాను. అప్పుడే ముసలాయన ముందుకొచ్చి, మా ఇంటి గుమ్మం దాకా వచ్చి కహ్వా తాగకుండా పోతే ఊరంతా నన్నేమనుకుంటుంది, అన్నాడు. అక్కడ ఊరు లేదు. ఇంజనీరమ్మ సరేనంది. ఆమె అడిగిన ప్రశ్న గాలిలో అలాగే ఉండిపోయింది, అదీ ఆ గాలిలో.

మగవాళ్ళు ముందు గదిలో, ఆడవాళ్ళం వెనక గదిలో. ముసలాయన భార్య మొహానికి ముక్కు మీదుగా నిలువు పట్టీ ఉన్న గట్టి నల్ల ముసుగు. దాని వెనక ఏముందో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు, ఆ రోజు తెలుసుకోవాలని చాలా కోరికగా ఉంది. తీగ ఎందుకు తెగిందో, ఏనాడు తెగిందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ ఒంటె ఆమెదే. భాయ్ ముసలాయనకు చెప్పుకున్నాడు, సరే. ముసలాయన భార్యకు చెప్పాడా? చెప్పడానికి టైముందా? ఏమీ తెలియదు.

"విశేషాలేమిటి?" అంది ఇంజనీరమ్మ, కూర్చుని అబాయా సర్దుకుంటూ.

"ఏమీ లేవు, దేవుడి దయ," అంది ఆమె.

ఆ మాట నేనంత ఇష్టంగా ఎన్నడూ వినలేదు. ఖర్జూరాలు వచ్చాయి. కహ్వా వచ్చింది. తాగాను. పోసింది. తాగాను. అప్పుడు నాకో ఆలోచన తట్టింది. అందరూ కప్పు ఊపేదాకా రెండోసారి అడగరు. అడిగేదాకా ఆ ఇంట్లో విశేషాలు లేవు. నేను ఊపకపోతే, నేను తాగుతున్నంత సేపూ, మా స్తంభం ఏడాది పొడుగునా నిటారుగానే ఉంది.

కప్పు చాచాను. పోసింది. చేదుకు నాలుక మొద్దుబారింది. మళ్ళీ చాచాను. ఇంజనీరమ్మ తన కప్పు ఎప్పుడో ఊపేసి ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. గాలికి వెనక తలుపు టపటపా కొట్టుకుంటోంది. గోడ అవతల నుంచి భాయ్ నవ్వు వినిపించింది. పని గట్టెక్కిందనుకుంటున్నట్టున్నాడు. నా గుండె కాఫీ వల్ల కొట్టుకుంటోందో ఇంకెందువల్లో గాని, అబాయా వేసుకోనందుకు చింతించాను. జేబు మీద చొక్కా కదలడం అందరికీ కనిపిస్తుందనిపించింది.

"మీకు కహ్వా చాలా ఇష్టమనుకుంటాను," అంది ఇంజనీరమ్మ ఇంగ్లీషులో.

"ఈ మధ్యే అలవాటైంది."

"మా నాయనమ్మ ఇల్లు ఇలాంటి చోటే," అంది. "పెళ్ళి సంబంధాల వాళ్ళు ఇష్టం లేని మాట వినాల్సి వస్తుందంటే ఇలాగే తాగేవాళ్ళు. ఫ్లాస్కు ఎంతైనా అయిపోతుంది కదా." తన ఖాళీ కప్పు పక్కకు జరిపి, మెల్లగా అంది. "నేను రెండోసారి అడగబోతున్నాను. ఆమెను అడగమంటారా, మిమ్మల్ని అడగమంటారా?"

ముసుగులోంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఇంగ్లీషు రాకపోయినా ఆమెకు అర్థమైనట్టే ఉంది. ఫ్లాస్కు ఎత్తి పట్టుకుని ఉంది, పోయమంటే పోసేలాగా. ఆమెతో అబద్ధం ఆడించడమా, ఆమె నోట నిజం చెప్పించడమా అన్న రెండింటిలో నాకు ఏదీ నచ్చలేదు.

కప్పు ఊపాను.

చెప్పాను. తీగ, ఒంటె, కట్టర్, లారీ బెల్టు, ఈ పొద్దుటి సంగతి. భాయ్ పేరు తీసేసి చెబుదామని చూశాను గాని, ఆయన్ను తీసేస్తే కథ నిలబడలేదు, స్టే వైరు తీసేసినట్టే. ఇంజనీరమ్మ మధ్యలో ఆమెకు అరబ్బీలో చెబుతూ, ఏ రోజుల్లో జరిగిందో అడిగి సరిచూసుకుంది. ఆమె దాచలేదు. ఒంటె కాలు మానిందని, ఆడపిల్లను ఈనిందని, కావాలంటే చూపిస్తానని కూడా అంది.

"తీగ తెగిన రోజు నుంచి ఇవాళ్టి దాకా లెక్క నేను తీసుకోలేను," అంది ఇంజనీరమ్మ.

"ఏడాదిలో గాలి బాగా ఉన్న రోజులే అవి."

"అందుకే తీసుకోలేను."

"మిగతా నెలలన్నీ బాగున్నాయి. ఒక్కరోజు కూడా పోలేదు."

"నాకు తెలుసు. చూశాను. మంచి పని. కాని ఏడాది కాదు."

"గాలి ఉంది," అన్నాను. "తలుపు చూడండి. ఇక్కడ గాలి లేదని ఎవరైనా అంటారా?"

"నేననను. నమ్ముతున్నాను కూడా. బ్యాంకు నా నమ్మకం మీద అప్పివ్వదు. రాయితీ ఇచ్చేది కూడా గాలికి కాదు, లెక్కకు." ఆమె హెల్మెట్ చేతిలోకి తీసుకుంది. "వైరు బాగానే కట్టారు. ఇవాళ్టి నుంచి మళ్ళీ కొలవండి. వచ్చే నైరుతి అయిపోయాక పిలిస్తే నేనే వస్తాను."

వచ్చే నైరుతిలోపే రాయితీల గడువు అయిపోతుందని చెప్పాను. ఆమె తల ఊపింది. అది కూడా ఆమెకు తెలుసు.

గోడ అవతల భాయ్ ముసలాయనతో ఏదో కడప సామెత అరబ్బీలో చెప్పబోయి, రాక, తనే నవ్వుకుంటున్నాడు. వాళ్ళ కప్పులు ఇంకా తిరుగుతూనే ఉన్నట్టున్నాయి.

మేమేం మాట్లాడుకున్నామని ముసలాయన భార్య అడిగింది. ఇంజనీరమ్మ చెప్పింది. ఇంకో ఏడాది కొలవాలట, అని. ఆమె ఫ్లాస్కు కింద పెట్టి, ఇందులో ఇంత ఆలోచించడానికేముందన్నట్టు నా వైపు తిరిగింది. ఆ మాత్రం అరబ్బీ నాకు వచ్చు.

"కొలుచుకోండి. గాలి ఎక్కడికి పోతుంది?" అంది. "పోయేది మీరు."